బాక్టీరియాలో మేస్త్రి

పైడిరాజుకి గురువు మీద కోపం రావడం కొత్త కాదు. కానీ ఆ వానాకాలం వచ్చిన కోపం వేరు. అది అన్నం దగ్గర కూడా అతన్ని వదిలేది కాదు.

నాలుగేళ్ళుగా అతను ఒక్కటే ప్రశ్న పట్టుకుని వేలాడుతున్నాడు. బాక్టీరియా కణం కంటికి ఆనేది కాదు. దాని లోపలుండే డీఎన్ఏ పోగుని బయటికి తీసి సాగదీస్తే కణం పొడవుకి కొన్ని వందల రెట్లుంటుంది. మన కణాల్లో అయితే ఆ పోగుకి ఒక గది ఉంది, గదికి గోడ ఉంది. బాక్టీరియాలో గదీ లేదు, గోడా లేదు. అయినా ఆ పోగు ఇల్లంతా పరుచుకోదు. నడిమధ్య ముద్దలా ఉంటుంది. చిన్న కణంలో చిన్న ముద్ద, పెద్ద కణంలో పెద్ద ముద్ద. ఎవరో టేపు పెట్టి కొలిచినట్టు.

ఆ కొలిచేవాడెవడు? అదీ పైడిరాజు ప్రశ్న.

వాళ్ళ నాన్న విజయనగరం వైపు ఒక జూట్ మిల్లులో పనిచేసేవాడు. చిన్నప్పుడు పైడిరాజు అన్నం క్యారియర్ పట్టుకుని వెళ్ళి, ప్రెస్ దగ్గర నిలబడి చూసేవాడు. మనిషెత్తు గోనెసంచుల గుట్ట. ప్రెస్ మేస్త్రి మీట నొక్కితే పైనుంచి పలక దిగేది. గుట్ట కాస్తా బిగిసి బేలు, అంటే గట్టి కట్ట అయ్యేది. మేస్త్రి రాని రోజు గుట్ట గుట్టగానే పడి ఉండేది. అందుకని పైడిరాజుకి ఏ అనుమానమూ లేదు. కణం లోపల కూడా ఒక మేస్త్రి ఉన్నాడు. ఏదో ఒక ప్రోటీను. వాణ్ణి పట్టుకోవాలి, అంతే.

పట్టుకోవడానికి అతను ఎంచుకున్న దారి మొరటు దారి. అనుమానం ఉన్న ప్రోటీనుల జన్యువులు ఒకదాని తర్వాత ఒకటి తీసేస్తూ పోవడం, ముద్ద ఏమవుతుందో మైక్రోస్కోపులో చూడటం. ఒకటి తీశాడు, ముద్దకి చీమ కుట్టినట్టు కూడా లేదు. ఇంకొకటి తీశాడు, అంతే. జతలు జతలుగా తీశాడు. ఏళ్ళు గడిచాయి. ఫెలోషిప్పు గడువు దగ్గరకొచ్చింది. వచ్చే వేసవిలో గురువుగారు రిటైరవుతారు. ఈలోగా థీసిస్ తేలకపోతే మళ్ళీ ఇంకొకరి దగ్గర మొదటి మెట్టు నుంచి ఎక్కాలి.

గురువుగారి పేరు ఖుర్షీద్ బేగం. కర్నూలు మనిషి. విశాఖలో కొండవాలు మీదున్న ఆ పరిశోధనాలయానికి వయసులో ఉన్నప్పుడు వచ్చారు, తల ముగ్గుబుట్ట అయ్యేదాకా అక్కడే ఉండిపోయారు. ఆవిడ విడమరిచి ఏదైనా చెప్పగా విన్న శిష్యుడు లేడు. ప్రశ్న అడిగితే పని పురమాయించేవారు. ఒకసారి ఒక విద్యార్థి తన బాక్టీరియా ఎందుకు చచ్చిపోతోందని అడిగితే, అతని చేతిలో గిన్నెలు కడిగే స్పాంజి పెట్టి ఇంటికి వెళ్ళిపోయారు. అతను వారం పాటు తిట్టుకుని, ఆఖరికి ఫ్లాస్కుల్లో సబ్బు మిగిలిపోతోందని కనిపెట్టాడు. ఆ కథ చెప్పుకుని ల్యాబులో అందరూ నవ్వుకునేవారు. తనదాకా వచ్చినప్పుడు మాత్రం ఎవరికీ నవ్వొచ్చేది కాదు.

ఆషాఢంలో పైడిరాజుకి మేస్త్రి దొరికాడు.

ఒక జన్యువు తీసేసిన కణాల్లో, డీఎన్ఏకి వేసిన రంగుతో నీలంగా మెరిసే ముద్ద ఇంచుమించు రెండింతలు సాగి కనిపించింది. మళ్ళీ చేశాడు. మళ్ళీ అంతే. బిగించేవాడు లేకపోతే గుట్ట జారిపోయినట్టు ముద్ద జారిపోయింది. ఇంతకన్నా ఏం కావాలి? ఆ సాయంత్రం వాళ్ళ నాన్నకి ఫోన్ చేశాడు.

"నాన్నా, ప్రెస్ మేస్త్రి దొరికాడు."

"దొరికాడేటి? ఆడి పేరేట్రా?"

"పేరు ఇంకా పెట్టలేదు. నేనే పెడతాను."

తర్వాత వాళ్ళ నాన్న పక్కవాళ్ళకి ఆ సంగతి గట్టిగా చెప్పడం వినిపించింది. పూణేలో జరగబోయే శాస్త్రవేత్తల సభలో మాట్లాడటానికి పైడిరాజు పేరు పంపాడు. సరేనని జవాబొచ్చింది. ఇక గురువుగారు ఊ అంటే చాలు.

ఫొటోలు ప్రింటు తీయించి ఆవిడ బల్ల మీద పరిచాడు. నల్లటి కాగితం మీద నీలం మరకలు. ఎడమవైపు మామూలు కణాలవి, కుడివైపు మేస్త్రి లేనివి. ఆవిడ కళ్ళద్దాలు ముక్కు మీదికి జార్చుకుని చాలాసేపు చూశారు.

"కణం పొడవెంత?"

"పొడవు సంగతి కాదు మేడమ్. ముద్ద చూడండి."

"చూసినాను. కణం పొడవెంత?"

"కొలవలేదు మేడమ్."

ఆవిడ ఫొటోలన్నీ పోగుచేసి, అంచులు సరిచేసి, అతని చేతికి తిరిగి ఇచ్చేశారు. పక్కనున్న పేపర్లు దిద్దుకోవడం మొదలుపెట్టారు.

తర్వాతి వారం అతను ఇంకా మంచి ఫొటోలు పట్టుకెళ్ళాడు. గ్రాఫు కూడా గీసి పట్టుకెళ్ళాడు. ఆవిడ గ్రాఫుని అటూ ఇటూ తిప్పి చూసి, "కణం పొడవెంత?" అన్నారు. ఆపై వారం ఆ ప్రోటీను ఆకారం, దాని పుట్టుపూర్వోత్తరాలు, ఏయే బాక్టీరియాల్లో దానికి చుట్టాలున్నారో అన్నీ చదివి వినిపించాడు. ఆవిడ ఓపిగ్గా విన్నారు. వినడం అయ్యాక నోరు తెరవబోతుంటే, అతనే కాగితాలు తీసుకుని లేచి వచ్చేశాడు.

"అరిగిపోయిన రికార్డు," అన్నాడు క్యాంటీన్‌లో మేరీ సునీలతో. మేరీ అతని కన్నా ఒక ఏడాది వెనక చేరిన పరిశోధకురాలు. "నేను ముద్ద గురించి చెప్తాను, ఆవిడ కణం అంటారు. పెళ్ళికూతురు బాగుందండీ అంటే ఇంటి కొలతలు అడిగినట్టుంది. పూణేకి టైటిల్ ఖాయం చెయ్యాలి. సంతకం పెట్టరు. పెట్టనని కూడా చెప్పరు."

మేరీ టీ ఊదుకుంటూ, "కొలిచి ఇచ్చేయొచ్చు కదా," అంది. "ఒక ఆదివారం పని."

"ఎందుకు కొలవాలి? నా ప్రశ్న అది కాదు."

"ఇవ్వకపోతే ఆవిడ అడగడం మానరు."

"నాకు పంతం."

మేరీ టీ తాగేసి లేచింది. అది వట్టి పంతం కాదని పైడిరాజుకి తెలుసు. తను తీసిన ఫొటోల్లో నీలం తప్ప ఇంకేమీ పడదు. రంగు డీఎన్ఏకి మాత్రమే అంటుకుంటుంది, మిగతాదంతా చీకటి. కణం అంచు ఎక్కడుందో ఆ ఫొటోల్లో కనిపించదు. మైక్రోస్కోపులో మామూలు దీపం వేసినప్పుడు ఆ కణాలు ఎందుకో సాగినట్టు ఉన్నాయని ఒకటి రెండుసార్లు అతనికి అనిపించింది. అనిపించినప్పుడల్లా దీపం మార్చేశాడు.

ఆఖరికి కొలిచాడు. ఆవిడ నోరు మూయించడానికే కొలిచాడు.

ఆదివారం పొద్దున కూర్చున్నవాడు చీకటి పడేదాకా లేవలేదు. మామూలు కణాలు, మేస్త్రి లేని కణాలు. పక్కపక్కనే పొడవులు, పక్కపక్కనే ముద్దలు. మేస్త్రి లేని కణాలు రెండింతలు పొడుగ్గా ఉన్నాయి. ముద్దా రెండింతలే ఉంది. ఇల్లు ఎంత వంతు పెరిగిందో, ముద్దా అంతే వంతు. ఆ ప్రోటీను పోతే చెడింది ముద్ద కాదు. కణం సమయానికి రెండుగా చీలక పెరిగిపోతోంది. ముద్ద తన దారిన తాను కణాన్ని అనుసరించి పెరిగింది.

అయినా అతను వదల్లేదు. పొడుగాటి కణంలో డీఎన్ఏ ప్రతులు ఎక్కువుండొచ్చు, సరుకు ఎక్కువైతే ముద్ద పెద్దదవడంలో వింతేముంది అనుకున్నాడు. అలా అయితే మేస్త్రి ఇంకా బతికే ఉన్నాడు. డీఎన్ఏ నకలు కాకుండా ఆపి, ఒక్క ప్రతితోనే కణాల్ని పెరగనిచ్చాడు. సరుకు అంతే, ఇల్లు పెరిగింది. ముద్ద మాత్రం పెరగకుండా ఉంటుందని ఎదురుచూశాడు. కానీ మామూలు కణాల్లోనూ, మేస్త్రి లేనివాటిలోనూ, అదే పోగు ఇంటికి తగ్గట్టు కాళ్ళు చాపుకుని కూర్చుంది.

ఆ రాత్రి వాళ్ళ నాన్న ఫోన్ చేస్తే ఎత్తలేదు.

మర్నాడు పొద్దున్నే ఆవిడ గది తలుపు కొట్టకుండానే లోపలికి వెళ్ళాడు. లిఫ్టు పనిచేయడం లేదు. ఆవిడ మెట్లెక్కి వచ్చిన ఆయాసంతో కూర్చుని మోకాలు నిమురుకుంటున్నారు. పైడిరాజు కాగితాలు బల్ల మీద పడేశాడు.

"ఇదిగోండి మేడమ్. కణం పొడవు."

ఆవిడ కాగితాలు దగ్గరికి లాక్కుని అన్నీ చూశారు. నకలు ఆపిన ప్రయోగం దగ్గర వేలు ఆగింది. "ఇది బాగా చేసినావు," అన్నారు.

ఆ మాటకి అతనికి ఒళ్ళు మండింది.

"బాగా చేయడం కాదు మేడమ్, నాలుగేళ్ళు పోయాయి. మీకు ముందే తెలుసు కదా. మొదటిరోజే చెప్పి ఉంటే సరిపోయేది."

"ఏం తెలుసు?"

"కణాలు సాగాయని."

"నాకెట్ల తెలుస్తుంది? తెలీకనే కదా అడిగినా. ఎన్నిమార్లు అడిగినానో పైడిరాజూ, నాకే విసుగు పుట్టింది."

అతను కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"సరే మేడమ్. ఇది కాదు. ఇంతకుముందు తీసినవీ కాదు. మరి కొలిచేదెవరు? మీకు తెలిస్తే చెప్పండి. తెలియకపోతే తెలియదని చెప్పండి. నాకు రెండిట్లో ఏదైనా ఫరవాలేదు. స్పాంజి మాత్రం ఇవ్వకండి."

ఆవిడ నవ్వలేదు. ఫొటోల్లోంచి ఒకటి బయటికి లాగి, నీలం మరక పక్కనున్న నలుపు మీద బొటనవేలు పెట్టారు.

"ఇక్కడ ఏముంది?"

"ఏమీ లేదు మేడమ్. బ్యాక్‌గ్రౌండ్."

ఆవిడ కళ్ళద్దాలు తీసి, కాసేపు కళ్ళు మూసుకున్నారు. ఏళ్ళ తరబడి ఎంతమందితో ఓపిక పట్టారో అదంతా ఆ ముఖంలో ఒక్కసారి కనిపించింది. బల్ల పట్టుకుని లేచారు.

"లే. నీ కణాలు పట్టుకురా. ఆ మేస్త్రి లేనివే తీసుకురా. పెగ్గు కూడా."

ల్యాబులో పెగ్గు అంటే మందు కాదు. చిక్కగా, తేటగా ఉండే ఒక పాలిమర్ ద్రావణం. డీఎన్ఏని ట్యూబు అడుక్కి దింపడానికి పైడిరాజు వారం వారం వాడేదే. తనే పెద్ద సీసాలో కలిపి పెట్టుకుంటాడు. అదెందుకో అర్థం కాలేదు. అడిగితే జవాబు రాదని తెలుసు కనుక అడగలేదు.

మైక్రోస్కోపు గదిలో ఏసీ చలి. ఆవిడ స్టూలు మీద కూర్చుని ఒక్కొక్కటే చెప్పారు, అతను చేశాడు. కణాలు గాజుకి అంటుకునేలా స్లైడు తయారు చేశాడు. కణం గోడని కరిగించే ఎంజైము వేశాడు. నీలం రంగు వేశాడు. స్లైడుకి ఒక పక్క నీళ్ళచుక్క వేసి, రెండో పక్క బ్లాటింగ్ కాగితం ముక్క ఆనించాడు. కాగితం ద్రవాన్ని పీల్చుకునేకొద్దీ కొత్త నీళ్ళు లోపలికి పాకాయి.

"చూడు," అన్నారు.

అతను కన్ను ఆనించాడు. గోడ పోయిన కణాలు ఉబ్బి, పగిలాయి. నీలం ముద్దలు ఒక్కొక్కటే విడిపోయాయి. కణమంత కూడా లేని ముద్ద, గాలికి వదిలిన దూదిలా నాలుగు పక్కలా పరుచుకుపోయింది.

"పెగ్గు."

పెగ్గు చుక్క వేసి కాగితం ఆనించాడు. పరుచుకున్న మబ్బు వెనక్కి లాగేసుకుంది. చూస్తుండగానే ఒత్తుకుపోయి, ముందున్న ముద్దంత అయింది.

"నీళ్ళు."

నీళ్ళు పోశాడు. విచ్చుకుంది.

"పెగ్గు."

ముడుచుకుంది.

"ఇంకోసారి."

అతను చేశాడు. ఆవిడ చూడటం కూడా లేదు. మోకాలు నిమురుకుంటూ కిటికీలోంచి కొండ మీద పట్టిన వాన చూస్తున్నారు. పల్చటి పెగ్గు వేయమన్నారు. ముద్ద కొద్దిగా ముడుచుకుంది. చిక్కటిది వేయమన్నారు. బాగా ముడుచుకుంది. మళ్ళీ నీళ్ళు. మళ్ళీ పెగ్గు. మెడ పట్టేసింది, వేళ్ళు చలికి బిగుసుకుపోయాయి. ఇదంతా చదువు చెప్పడమా, సతాయించడమా అని లోపల అతను రగులుతున్నాడు.

"మేడమ్, అర్థమైంది," అన్నాడు.

"ఏం అర్థమైంది?"

"పెగ్గు ముద్దని నొక్కుతోంది."

"అయితే ఇన్నాళ్ళూ నువ్వు వెతికినోడు పెగ్గేనా?"

పెగ్గు కణంలో ఉండదు. పైగా అది డీఎన్ఏని పట్టుకోదు, అంటుకోదు. తనే సీసాలో కలిపాడు, దాని సంగతి అతనికి తెలుసు. దానికి టేపూ లేదు, మీటా లేదు. చుట్టూ చోటు ఆక్రమించుకుని ఉంటుంది, అంతే.

"ఇంకోసారి," అన్నారావిడ.

ఈసారి చుక్క వేసి అతను కన్ను ఆనించాక, నీలం వైపు చూడలేదు. దాని చుట్టూ ఉన్న నలుపు వైపు చూశాడు. నీళ్ళున్నప్పుడూ నలుపే. పెగ్గు వచ్చాకా నలుపే. ఆ నలుపులోకి ఏదో వచ్చి నిండిందని చెప్పడానికి కంటికి ఏ గుర్తూ లేదు. నీలం ఒక్కటే మెల్లగా వెనక్కి జరిగి, జరిగి, చిన్నదైంది.

అతను కన్ను తీయలేదు.

కణంలో ప్రోటీనుల్ని తయారుచేసే రైబోజోములు కిక్కిరిసి ఉంటాయి, ప్రోటీనులు ఒకదాన్నొకటి రాసుకుంటూ తిరుగుతుంటాయి. డిగ్రీ మొదటి ఏడాది పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్న సంగతి. నాలుగేళ్ళు వాటి ఫొటోలే తీశాడు. వేల ఫొటోలు. ప్రతి ఫొటోలోనూ ఆ నలుపులో అవన్నీ ఉన్నాయి.

చాలాసేపటికి, "ఇది మేస్త్రి లేని కణం కదా మేడమ్," అన్నాడు నెమ్మదిగా.

"నువ్వే తెచ్చినావు."

అతను పెగ్గు సీసాకి మూత బిగించాడు.

"పూణేకి ఏం చెప్పను? మానేస్తానని రాసేయనా?"

"ఎందుకు మానేసేది? పో. చూసింది చూపించు. ఆ పొడవులు చూపించు, నకలు ఆపింది చూపించు. అది బాగుంది."

"మేస్త్రి ఎవరని అడుగుతారు మేడమ్. అందరూ అదే అడుగుతారు. మా నాన్న కూడా అదే అడుగుతాడు."

ఆవిడ స్టూలు మీంచి లేచారు. మోకాలు పట్టేసిందేమో, గోడకి చెయ్యి ఆనించి నిలబడి ఒక నిట్టూర్పు విడిచారు. ఆ నిట్టూర్పు మోకాలి కోసమో, శిష్యుడి కోసమో పైడిరాజుకి తెలియలేదు.

"చోటుంది. చుట్టూ జనముండారు," అన్నారు. "ఇంకెవరు కావాలంట?"

తలుపు తీసుకుని వెళ్ళిపోయారు. వసారాలో ఆవిడ చెప్పుల చప్పుడు మెట్లదాకా వెళ్ళి ఆగింది, తర్వాత ఒక్కో మెట్టూ దిగసాగింది.

పైడిరాజు ఏమీ రాసుకోలేదు. స్లైడు పక్కన కొత్త కాగితం ముక్క పెట్టుకుని, ఇంకో చుక్క నీళ్ళు వేశాడు. నీలం ముద్ద తన పాటికి తాను విచ్చుకోవడం మొదలుపెట్టింది. అతను చూస్తూ కూర్చున్నాడు.